నేమ్ డే క్యాలెండర్ రివ్యూ: స్వీడన్‌ది కొనాలా, ఫిన్లాండ్‌దా?

స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లోనో ఫిన్లాండ్‌లోని ఎస్పోలోనో ఉద్యోగంలో చేరిన మనవాళ్లు మొదటి డిసెంబర్‌లో గోడ క్యాలెండర్ కొంటే బొమ్మ చూసే కొంటారు. మంచులో ఎర్ర చెక్క ఇల్లు, లేదా దుప్పి. అది గోడకు ఎక్కాక ఏదో ఒక రోజు ఆఫీసులో ఒకాయన కేకు పెట్టి "ఇవాళ నా నేమ్ డే" అంటాడు. ఇంటికొచ్చి చూస్తే ఆ గడిలో ఇంకెవరి పేరో ఉంటుంది. క్యాలెండర్ తప్పేమీ కాదు, పక్క దేశానిది. అందుకే ఈ రివ్యూలో కాగితం నాణ్యత గురించి రెండు ముక్కలే. ఎక్కువ మాటలు పేర్ల పట్టిక గురించి, ఎందుకంటే మనం డబ్బు పెట్టేది దానికే.

మన గోడమీద వేంకట్రామా క్యాలెండర్‌లో తిథి, నక్షత్రం, వర్జ్యం ఉండే చోట అక్కడ మనుషుల పేర్లు ఉంటాయి. ఏ తేదీ దగ్గర మీ పేరుంటే ఆ రోజు మీది. స్వీడిష్‌లో దీన్ని నమ్న్స్‌దాగ్ అంటారు, ఫిన్నిష్‌లో నిమిపైవా. మొదట్లో ఇవి క్యాథలిక్ సెయింట్ల స్మారక దినాలు. ఆ దేశాలు లూథరన్ మతంలోకి మారాక సెయింట్లు పక్కకు తప్పుకున్నారు, పంచాంగంలో పేర్లు మాత్రం మిగిలిపోయాయి. పుట్టినరోజుతో పోలిస్తే దీనికో సుఖం ఉంది: వయసు ఎవరూ అడగరు, తేదీ ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, గోడే చెబుతుంది.

ముందు స్వీడిష్ క్యాలెండర్. దీని పేర్ల పట్టికకు పెద్ద చరిత్రే ఉంది. 1747 నుంచి 1972 దాకా పంచాంగం అచ్చువేసే హక్కు ఒక్క రాయల్ స్వీడిష్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌దే. ఇంటింటికీ అమ్ముడుపోయే పంచాంగం డబ్బుతో సైన్సు నడిపారన్నమాట. మధ్యలో 1901లో పాతబడిన పేర్లు తీసి పట్టికను బాగా మార్చారు. గుత్తహక్కు పోయాక పట్టికలు ఒకదానితో ఒకటి పొసగకుండా పోయాయి. చివరికి 2001లో అందరికీ ఒకే పట్టిక కుదిరింది. ఇప్పుడు అంగట్లో దొరికే స్వీడిష్ క్యాలెండర్ ఏది కొన్నా పేర్లు అవే కాబట్టి ఏ కంపెనీదని వెతుక్కోనక్కర్లేదు.

గడిని దగ్గరగా చూద్దాం. 2026 జులై 24, శుక్రవారం. పెద్ద అక్షరాల్లో 24, దాని కింద చిన్న అక్షరాల్లో "క్రిస్టీనా, కెర్‌స్టిన్". ఆ వారం మొదట్లో, సోమవారం గడి అంచున, 30 అనే అంకె. అది వారం నంబరు. ఈ అంకె లేని క్యాలెండర్ స్వీడన్‌లో పనికిరాదు. సెలవులు, స్కూలు కబుర్లు, ప్లంబర్ వచ్చే రోజు, అన్నీ "30వ వారంలో" అనే మాట్లాడుకుంటారు. వారం సోమవారంతో మొదలవుతుంది, సంవత్సరంలో మొదటి గురువారం ఉన్నదే 1వ వారం. 2026లో జనవరి 1 గురువారమే పడింది కాబట్టి ఆ ఏడాదికి 53 వారాలు. ఆదివారంతో మొదలయ్యే క్యాలెండర్ మన ఊరి నుంచి తెచ్చి పక్కన వేలాడదీస్తే రెండూ చూసి తికమకపడటం ఖాయం.

రోజుకు గరిష్ఠంగా రెండు పేర్లు. జనవరి 6 ఒక్కటే మినహాయింపు, యేసు పుట్టుక కథలోని ముగ్గురు జ్ఞానులు కాస్పర్, మెల్కెర్, బాల్త్సార్ కలిసే వస్తారు. కొన్ని గడులు ఖాళీ: జనవరి 1, ఫిబ్రవరి 2, మార్చి 25, జూన్ 24, నవంబర్ 1, డిసెంబర్ 25. అవి పండుగల రోజులు. ఫిబ్రవరి 29కీ పేరు ఇవ్వలేదు. ఖాళీ చూసి అచ్చుతప్పు అనుకుని దుకాణానికి తిరిగి పట్టుకెళ్లకండి.

మంచి క్యాలెండర్‌కి గుర్తు, గడిలో బుల్లి జెండా. జనవరి 28 కార్ల్, మార్చి 12 విక్టోరియా, ఆగస్టు 8 సిల్వియా. ఇవి రాజు, యువరాణి, రాణి నేమ్ డేలు, దేశమంతా అధికారికంగా జెండా ఎగరేసే రోజులు. పక్క ఫ్లాట్ కార్ల్‌కు కూడా ఆ జెండా ఊరికే కలిసొస్తుంది.

స్వీడిష్ పట్టికలో అసలు రుచి మాత్రం పేర్లకు అతుక్కున్న సామెతల్లో ఉంది. మనకు రోహిణి కార్తెలో రోళ్లు పగిలినట్టే వీళ్లకు నవంబర్ 30న ఆండెర్స్ ఉన్నాడు. ఆ రోజు గడ్డకట్టే చలి ఉంటే క్రిస్మస్ బురదబురద, ఆ రోజు బురదైతే క్రిస్మస్‌కు గడ్డకట్టే చలి. మే 18న ఎరిక్ కంకినిస్తాడు, జులై 29న ఊలోఫ్ రొట్టెనిస్తాడు, అంటే పంట లెక్క. డిసెంబర్ 9 ఆన్నా రోజున ఎండుచేపను నానబెడితే క్రిస్మస్‌కి లుట్‌ఫిస్క్ తయారు. జులై 19 నుంచి 24 దాకా వరసగా సారా, మార్గరేటా, యొహన్నా, మగ్దలేనా, ఎమ్మా, క్రిస్టీనా. దీన్ని ఆడవాళ్ల వారం అంటారు, వాన తప్పదని నమ్మకం. వేసవి సెలవుల్లో కాటేజీ బుక్ చేసుకునేవాళ్లు ఈ వారాన్ని చూసి నిట్టూర్చడం మామూలే.

ఇక ఫిన్లాండ్‌ది. ఫిన్నిష్ భాషలో మొదటి పంచాంగం 1705లో వచ్చింది. చేసింది తుర్కు నగరపు ప్రొఫెసర్ తమ్మెలిన్. ఇప్పుడు పట్టికల బాధ్యత హెల్సింకి విశ్వవిద్యాలయం పంచాంగ కార్యాలయానిది. అయిదేళ్లకోసారి కొత్త పేర్లు చేరుస్తారు. పట్టిక ఒకటే అనుకుంటే పొరపాటు. ఫిన్నిష్ పేర్లకొకటి, ఫిన్లాండ్‌లో స్వీడిష్ మాట్లాడేవాళ్ల పేర్లకొకటి, ఉత్తరాన ఉండే సామీ ఆదివాసుల పేర్లకొకటి. అది చాలదన్నట్టు గుర్రాలకు, కుక్కలకు, పిల్లులకు కూడా విడివిడిగా ఉన్నాయి! గోడ క్యాలెండర్‌లో అన్నీ పట్టవు. కొనేముందు గడిలో ఒక వరుస పేర్లున్నాయా, రెండా అని చూడండి. రెండుంటే సాధారణంగా పైది ఫిన్నిష్, వాలు అక్షరాల్లోదో వేరే రంగుదో స్వీడిష్. ఆఫీసులో రెండు భాషలవాళ్లూ ఉంటే రెండు వరుసలదే తీసుకోండి. అక్షరాలు మరీ సన్నమవుతాయి, అది ఒప్పుకోవాల్సిందే.

పేర్ల విషయంలో ఫిన్లాండ్ పిసినారితనం చూపదు. జూన్ 24న యొహన్నెస్, యుహానీ, యుహా, యన్నె, యానీ ఇలా ఆ కుటుంబమంతా ఒకే గడిలో కిక్కిరిసి ఉంటుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. యుహన్నుస్ అనే నడివేసవి పండుగ 1955 నుంచి శనివారానికి మారింది, 2026లో జూన్ 20న. యుహానీ నేమ్ డే మాత్రం 24నే, బుధవారం. పండుగ రోజే శుభాకాంక్షలు చెప్పేస్తే నాలుగు రోజులు ముందు చెప్పినట్టు. స్వీడన్‌లోనేమో ఆ 24 ఖాళీ గడి, అక్కడి యొహాన్‌ల రోజు డిసెంబర్ 27. మారియాదీ అంతే: స్వీడన్‌లో ఫిబ్రవరి 28, ఫిన్లాండ్‌లో జులై 2. ఎరిక్ మాత్రం రెండుచోట్లా మే 18నే. అందుకే "ఎక్కడిదైనా ఒకటేలే" అనే ధీమా కొంతకాలం నిలబడి, ఒక మారియా దగ్గర కూలుతుంది.

ఫిన్లాండ్ సామెతలూ తక్కువేం కాదు. జనవరి 19న హేక్కీ గడ్డిని సగం పంచుతాడు. పశువుల మేతలో సగం ఇంకా మిగిలి ఉండాలని లెక్క. జులై 25న యాక్కో చెరువులో చల్లని రాయి వేస్తాడు, ఇక నీళ్లు చల్లబడతాయి. అన్నట్టు, అనిత అనే పేరు ఫిన్నిష్ పట్టికలో ఉంది, డిసెంబర్ 9న, ఆన్నా కుటుంబంలో. మన అనితకు వీళ్ల అనితతో వ్యుత్పత్తి సంబంధం లేకపోయినా కేకు తినడానికి అదేం అడ్డు కాదు.

పేరు వెతకడంలో వచ్చే తంటాలు చెప్పాలి. గోడ క్యాలెండర్‌లో సాధారణంగా అకారాది సూచిక ఉండదు, జేబు పంచాంగంలో వెనకాల ఉంటుంది. ఆ సూచికలో పైన సున్నా, చుక్కలు పెట్టిన అ, ఒ అక్షరాలు జెడ్ తర్వాత వస్తాయి. మే 8న వచ్చే ఓకె పేరు సున్నా పెట్టిన అక్షరంతోనే మొదలవుతుంది, ముందు పేజీల్లో వెతికితే దొరకడు, చివర చూడాలి. కె బదులు సి, చివర హెచ్ లాంటి తేడాలకు వేరే రోజులుండవు, ఆ పేరు రోజే అందరిదీ. ఒక మనిషికి రెండుమూడు పేర్లుంటే పిలిచే పేరు ఏదో అడిగి తెలుసుకోండి. పాస్‌పోర్టులో మొదటిది అదే కావాలని లేదు.

ఫోన్‌లో పెట్టుకుంటే సరిపోదా అంటే, సగం సరిపోతుంది. పేర్ల ఫైలును ఒకసారి దిగుమతి చేసుకుంటే అది అక్కడే ఆగిపోతుంది, ఫిన్లాండ్ పట్టిక మారినా మీ ఫోన్‌కు తెలియదు. లింకుతో సబ్‌స్క్రైబ్ చేస్తే ఫైలు నడిపేవాళ్లు మార్చినప్పుడు మారుతుంది. రెండో చిక్కు టైమ్‌జోన్. ఫైలులో పేర్లు "రోజంతా" అని కాకుండా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా అని రాసి ఉంటే, హైదరాబాద్‌లో ఉన్న ఫోన్‌లో పొద్దున 5:30కి మొదలై మర్నాడు 5:30 దాకా సాగి రెండు రోజుల మీద కనిపిస్తాయి. అక్కడి టీమ్‌తో ఇక్కడి నుంచి పనిచేసేవాళ్లు ముందు ఒక తెలిసిన తేదీతో, మే 18 ఎరిక్‌తో, సరిచూసుకోండి. పైగా ఏడాది పొడవునా రోజుకో బ్యానర్ పడి మీటింగులు కిందికి జరుగుతాయి. నోటిఫికేషన్లు ఆపేసి, వేరే రంగిచ్చి, దగ్గరివాళ్ల పేర్లు మాత్రమే విడిగా రాసుకోవడం మేలు.

నార్వే, డెన్మార్క్ క్యాలెండర్లలో కూడా పేర్లు కనిపిస్తాయి కానీ అక్కడ పట్టించుకునేవాళ్లు తక్కువ. ఐస్‌లాండ్‌లో ఈ అలవాటే లేదు. నేమ్ డే కోసమే అయితే ఆ మూడు దేశాల క్యాలెండర్ల మీద ఖర్చు దండగ.

మార్కులు వేయాలంటే స్వీడిష్ గోడ క్యాలెండర్‌కి అయిదుకి నాలుగు. చదవడం సులువు, కానీ రెండు పేర్ల హద్దు వల్ల చాలామందికి గడి దక్కదు. రెండు వరుసల ఫిన్నిష్ దానికి నాలుగున్నర. అర తగ్గింది అక్షరాల సైజుకి. ఏటా కొనడం దండగనిపిస్తే వారాలు లేని శాశ్వత క్యాలెండర్ తీసుకోవచ్చు. పేర్లు తేదీకి కట్టుబడినవే, వారంతో పనిలేదు. పాత సామాన్ల అంగట్లో దొరికేది మాత్రం సంవత్సరం చూసి కొనండి. 2000కు ముందు లీపు రోజు ఫిబ్రవరి 24గా లెక్కించేవారు, దాంతో 1996 లాంటి లీపు సంవత్సరం క్యాలెండర్‌లో మత్తియాస్ నుంచి నెలాఖరు దాకా పేర్లన్నీ ఒక రోజు ఆలస్యంగా, తర్వాతి తేదీకి జరిగి ఉంటాయి.