అట్లాసా, దసలా, గన్నేరు చిమ్మటా?

తొలకరి పడితే చాలు, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెట్ల గోడ మీద వాలిన చిమ్మట ఫొటో ఒకటి వస్తుంది. కింద ఎవరో ఒకరు ‘అట్లాస్ మాత్!’ అని రాసేస్తారు. నేను చూసినంతలో ఒక్కటీ అట్లాస్ కాదు. ఇంతకీ మనం వెతికి చూడాల్సింది అట్లాస్‌నా, దసలినా, గన్నేరు చిమ్మటనా?

అట్లాస్ అందగత్తే, కాదనను. రెక్కలు విప్పితే 24 సెంటీమీటర్ల దాకా, అంటే ఇంచుమించు టిఫిన్ ప్లేటంత. రాగి రంగు రెక్కల్లో ముక్కోణపు అద్దం కిటికీలు, రెక్క కొసన పాము తలలాంటి ఆకారం. కానీ దాని కాపురం ఎక్కువగా ఈశాన్య రాష్ట్రాల తడి అడవుల్లో, అటు నుంచి ఇండోనేషియా దాకా. హైదరాబాద్ మణికొండ బాల్కనీలో దాని కోసం కాపు కాస్తే దోమలు కుట్టడమే మిగులుతుంది.

దసలి అనే పట్టు చిమ్మట మన తెలంగాణదే. మహదేవపూర్, చెన్నూరు వైపు మద్ది చెట్ల మీద పెంచుతారు. కాడతో కొమ్మకు వేలాడే గట్టి గూడు నుంచే దసలి పట్టు తీస్తారు. మగది ఇటుక రంగు, ఆడది పసుపు. రెక్కకొకటి చొప్పున నాలుగు కళ్లు. అట్లాస్‌కూ దీనికీ ఒకటే శాపం: రెక్కలొచ్చాక తినడానికి పనికొచ్చే నోరుండదు. గొంగళిపురుగుగా తిన్న తిండితోనే ఆ నాలుగు రోజులూ గడవాలి. చూసి తీరాల్సిందే, కానీ 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం.

అందుకే నా ఓటు గన్నేరు చిమ్మటకు. ఆఫ్రికా నుంచి ఆగ్నేయాసియా దాకా ఉంటుంది, వేసవిలో యూరప్ వరకూ ఎగిరిపోతుంది, అయినా మన గేటు పక్క గన్నేరు, నందివర్ధనం మీద గుడ్లు పెడుతుంది. ఆకుపచ్చ మీద గులాబీ, తెలుపు చారలతో రెక్కలు మిలిటరీ బట్టలా ఉంటాయి. పగలు ఆకుల్లో కూర్చుంటే కనిపెట్టలేం. పొద్దుగూకాక పూల ముందు గాలిలోనే నిలబడి, పొడవాటి తొండంతో తేనె తాగుతుంది.

వెతకాల్సింది మాత్రం చిమ్మటను కాదు, పురుగును. మొక్క కింద మిరియాల్లాంటి నల్లటి రెట్టలు రాలి ఉంటే పైన వేలంత పచ్చటి పురుగు ఉన్నట్టే. ముట్టుకుంటే తల లోపలికి లాక్కుంటుంది. తల వెనకున్న రెండు నీలి మచ్చలు గుడ్లురిమినట్టు కనిపిస్తాయి. తోక దగ్గరి కొమ్ము కుట్టదు. గన్నేరు రసం విషం కాబట్టి, ఆకులు తుంచితే చేతులు కడుక్కోండి.

మొదటిసారి నా పురుగు రాత్రికి రాత్రే గోధుమ రంగుకు మారితే, జబ్బు చేసిందని టెన్షన్ పడ్డాను. అది కిందికి దిగి ఎండుటాకుల్లో ప్యూపాగా మారే వేళ అట. తెలిసేలోపు మర్నాడు ఆకులన్నీ ఊడ్చేశారు. ఇప్పుడు కుండీ పక్కన చిన్న ఎండుటాకుల కుప్ప ఉంచుతున్నాను. ‘మా నందివర్ధనానికి గుండు కొట్టించావు కదమ్మా!’ అని పక్కింటి ఆంటీ కోపం. నిన్న సాయంత్రం మాత్రం ఆవిడే టార్చి పట్టుకుని కింద రెట్టలు వెతుకుతున్నారు.