కాంటాక్ట్‌లు దాచడానికి ఏది మేలు: సిమ్మా, గూగుల్ సింకా, వీసీఎఫ్ ఫైలా?

చెన్నైలో డిసెంబరు వానల తర్వాత రిచీ స్ట్రీట్ చుట్టుపక్కల రిపేరు షాపుల్లో తడిసిన ఫోన్లదే వరస. డిస్‌ప్లే మార్చొచ్చు, బ్యాటరీ మార్చొచ్చు. బోర్డు చచ్చిపోతే మాత్రం లోపలున్న నంబర్లు లోపలే. కేన్ వాటర్ అబ్బాయి నుంచి ఊళ్లో పెద్దనాన్న దాకా ఎవరి నంబరు మళ్లీ దొరుకుతుందన్నది, అది మొదట ఎక్కడ సేవ్ అయిందన్న దాన్నిబట్టే ఉంటుంది.

సిమ్ సంగతి ముందు తేల్చేద్దాం. చాలా సిమ్‌లలో 250 నంబర్లకే చోటు. పొడుగు పేర్లు తెగిపోతాయి, తెలుగులో రాసుకున్నవైతే ఇంకా ముందే తెగుతాయి. పోయిన సిమ్‌కు డూప్లికేట్ తెచ్చుకుంటే మీ నంబరు తిరిగొస్తుంది గానీ, కార్డు మాత్రం ఖాళీ. కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే ఈసిమ్‌కు మారినా పాతవి వెంట రావు. బటన్ ఫోన్‌కు తప్ప సిమ్‌ను నమ్ముకోవద్దు.

రోజువారీ వాడకానికి గూగుల్ సింకే, అంటే నంబర్లు గూగుల్ అకౌంట్‌లోనూ సేవ్ అయ్యే ఏర్పాటే మేలు. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్‌లో అదే అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, నంబర్లు వాటంతట అవే దిగుతాయి. చిక్కల్లా ఒక్కటే: జీమెయిల్ ఉంది కదా, అన్నీ అందులోనే ఉన్నాయనుకోవడం. చాలా ఫోన్లలో కొత్త నంబరు ‘డివైస్’ అనే చోట సేవ్ అవుతుంది, అది సింక్ కాదు. కాంటాక్ట్స్ యాప్ సెట్టింగ్స్‌లో కొత్త కాంటాక్ట్‌లకు డిఫాల్ట్ అకౌంట్‌గా జీమెయిల్‌ను పెట్టండి. ఇప్పటికే ఫోన్‌లో ఉన్నవాటికి గూగుల్ కాంటాక్ట్స్ సింక్ సెట్టింగ్స్‌లో డివైస్ కాంటాక్ట్‌ల సింక్ విడిగా ఆన్ చేయాలి. తర్వాత కంప్యూటర్‌లో గూగుల్ కాంటాక్ట్స్ తెరిచి, ఈమధ్య సేవ్ చేసిన నంబరొకటి వెతికి చూస్తే నిజం తెలిసిపోతుంది.

సింక్‌కు ఇంకో గుణం ఉంది: ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీటే. ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది. ‘అన్‌డూ చేంజెస్’తో మొత్తం లిస్టును ఆ 30 రోజుల్లో ఏ సమయానికైనా వెనక్కి తిప్పొచ్చు. అయితే ఆ తర్వాత చేర్చినవి పోతాయి కాబట్టి ముందు ఒక ఎక్స్‌పోర్ట్, అంటే కాంటాక్ట్‌లన్నిటి కాపీ ఫైలు తీసుకోవాలి. ఫోన్, సిమ్ రెండూ పోయినప్పుడు మరో ఇబ్బంది. టెలికాం శాఖ నిబంధన ప్రకారం డూప్లికేట్ సిమ్‌కు మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, అంటే ఓటీపీ కూడా రాదు. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తోపాటు ఓటీపీ లాంటి రెండో తనిఖీ) పెట్టుకున్నవాళ్లు, ఓటీపీకి బదులు వాడుకునేందుకు గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోవాలి. ఫోన్‌లోనే స్క్రీన్‌షాట్ తీసి దాచేవాళ్లూ ఉన్నారు, ఏం లాభం!

మన చేతితో మనం చెరిపేసుకున్నవి కాపాడేది వీసీఎఫ్ ఫైలు, అంటే కాంటాక్ట్‌లన్నీ ఒకచోట ఉండే ఫైలు. కాంటాక్ట్స్ యాప్‌లో ‘ఆర్గనైజ్’, అందులో ‘ఎక్స్‌పోర్ట్ టు ఫైల్’ నొక్కితే తయారవుతుంది. దాన్ని డౌన్‌లోడ్స్‌లో వదిలేస్తే ఫోన్‌తోపాటే పోతుంది. మీ ఈమెయిల్‌కే పంపుకోండి, లేదా పెన్‌డ్రైవ్‌లో వేయండి. టెక్స్ట్‌గా తెరిస్తే తెలుగు పేర్లు =E0=B0 అంటూ కనిపించవచ్చు. అది ఫైలు పాడవడం కాదు, అక్షరాలను కోడ్ చేసే పద్ధతి. ఇంపోర్ట్ చేస్తే సరిగానే వస్తాయి. ఇంపోర్ట్ ఎక్కడికని అడిగినప్పుడు డివైస్ కాదు, గూగుల్ అకౌంట్ ఎంచుకోండి. వచ్చిందో లేదో అని రెండోసారి నొక్కితే ప్రతి పేరూ రెండేసి అవుతుంది. ‘మెర్జ్ అండ్ ఫిక్స్’తో కలపాలి. పట్టికలా ఎక్సెల్‌లో తెరుచుకునే సీఎస్‌వీ ఫైలు జోలికి పోకపోవడమే మంచిది. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే +91 నంబర్లు 9.19E+11గా మారి చివరి అంకెలు గల్లంతవుతాయి.

ఐఫోన్‌కు మారేవాళ్లకూ ఈ ఫైలే సులువు: మెయిల్‌లో తెరిచి అన్ని కాంటాక్ట్‌లూ చేర్చమంటే సరి.

సింక్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచి, సర్వీసుకు ఇచ్చే ముందూ డూప్లికేట్లు ఏరే ముందూ ఒక వీసీఎఫ్ తీయండి. షాపు కంప్యూటర్‌లోకి కాపీ చేయించుకుంటే, మీ ఎదుటే డిలీట్ చేయించండి. పాత ఫోన్ రీసెట్ కొట్టే ముందు రెండు ఫోన్లలోనూ కాంటాక్ట్‌ల సంఖ్య పోల్చి చూడండి. కొత్తదాంట్లో తక్కువుంటే ఆ తేడా చాలావరకు డివైస్‌లోనో సిమ్‌లోనో మిగిలిపోయినదే.