గ్లాడియోలస్ దుంపలకు యూవీ లైటు: కొన్ని సీజన్లు వాడాక

మొయినాబాద్ దగ్గర గ్లాడియోలస్ వేస్తాం. పూలు అమ్ముకోవడం కంటే దుంపలు దాచుకోవడమే మాకు టెన్షన్. తవ్వి ఆరబెట్టి, కోల్డ్ స్టోరేజీకి పంపేలోపే కొన్నిటికి నీలిబూజు పట్టేస్తుంది. దానికోసమే యూవీ-సీ ట్యూబు (క్రిముల్ని చంపే అతినీలలోహిత కిరణాల లైటు) తీసుకున్నాం. నీళ్ల ఫిల్టర్లలో ఉండే 254 నానోమీటర్ల రకమే. చెక్కపెట్టెకు లోపల అల్యూమినియం రేకు కొట్టించి, మూత తీయగానే ఆరిపోయేలా స్విచ్ పెట్టించాం. ఈ స్విచ్ లేకుండా మాత్రం వాడకండి, ఆ లైటు కళ్లకూ చర్మానికీ చాలా చెడ్డది.

పైపైన వచ్చే బూజు బాగా తగ్గింది, అందులో అనుమానం లేదు. కానీ లైటు తగిలిన చోటే పని. దుంప చుట్టూ ఉండే పీచు పొర తీసేయాలి, ఒక్క వరసలోనే పరచాలి, సగం టైముకు తిప్పాలి. రెండు దుంపలు ఆనుకుని ఉన్న చోట ఎప్పుడు చూసినా బూజు మిగిలే ఉంటుంది. ట్యూబుకు రక్షణగా మామూలు గాజు పలక అడ్డం పెట్టారా, ఇక వెలుగే తప్ప పని ఉండదు. సాయంత్రం లైటు పెట్టి తెల్లారేదాకా చీకట్లోనే ఉంచుతాం, ఎందుకంటే దెబ్బతిన్న బూజు వెలుతురు సాయంతో మళ్లీ కోలుకుంటుంది. అమెరికాలో స్ట్రాబెరీ బూడిద తెగులుకు రాత్రిపూట యూవీ వాడేదీ ఇందుకే.

అసలు శత్రువు ఫ్యుజేరియం, దుంపను కుళ్లబెట్టే ఇంకో శిలీంధ్రం. అది దుంప లోపల ఉంటుంది. పైకి నున్నగా కనిపించే దుంపను అడ్డంగా కోస్తే మధ్యలో గోధుమరంగు మచ్చ, అక్కడినుంచి బయటికి పాకిన చారలు. దాన్ని ఈ లైటు ముట్టుకోలేదు. 'ఇక మందులతో పనిలేదు' అని అమ్మినతను చెప్పాడు గానీ, మేం కార్బెండజిమ్ అనే శిలీంధ్రాల మందు కలిపిన నీళ్లలో ముంచడం మానలేదు, ఏటా మడి మార్చడమూ మానలేదు.

ట్యూబు నీలంగా వెలుగుతోంది కదా అని ధీమా వద్దు. పనిచేసే కిరణం కంటికి కనబడదు, వెలుగు అలాగే ఉన్నా దాని బలం తగ్గిపోతూ ఉంటుంది. దుమ్ము పట్టినా అంతే. స్విచ్ ఆపి, చల్లారాక స్పిరిట్ గుడ్డతో తుడుస్తాం. ప్లాస్టిక్ ట్రేలు తెల్లబారి మూలల్లో పగుళ్లిచ్చాయి, వాటిని పక్కన పడేసి ఇనుప జల్లెడ తట్టలు చేయించాం.

ఇప్పుడు విత్తనానికి ఉంచుకునే దుంపలకే వాడుతున్నాం. మొత్తం లాటుకు పెడితే పొర తీసి తిప్పే కూలీ తడిసి మోపెడవుతుంది.