014-1-03 అంటే ఏంటో తెలిశాక: ఫినిష్‌లింక్స్ ఫైళ్ల మీద నా రివ్యూ

పరుగు పందేల్లో ఫినిష్ గీత దగ్గర ఫోటో తీసి ఎవరు ఎంత టైంలో వచ్చారో తేల్చే కెమెరా, దాని సాఫ్ట్‌వేర్ కలిపి ఫినిష్‌లింక్స్ అంటారు. దాని పేరు ఎత్తితే చాలు, అందరూ కెమెరా గురించే మాట్లాడతారు. సెకనుకు ఎన్ని ఫ్రేములు, సాయంత్రం వెలుతురు తగ్గితే ఎలా అని. నేను దాని జోలికి పోను. నేను రిజల్ట్స్ టేబుల్ దగ్గర కూర్చునే మనిషిని. కెమెరా పని అయిపోయాక ఆ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లో వదిలే ఫైళ్లతో రోజంతా కుస్తీ పట్టేది నేనే కాబట్టి ఈ రివ్యూ మొత్తం ఆ ఫైళ్ల గురించే, వాటి పేర్ల గురించే.

ముందే చెప్పేస్తున్నా, పేర్ల విషయంలో ఇది మనకు పెద్దగా స్వేచ్ఛ ఇవ్వదు. మొదట్లో నాకు ఒళ్లు మండింది దాని వల్లే. ఇప్పుడు ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేదీ అదే.

వాడనివాళ్ల కోసం కొంచెం చెప్తా. మీట్ మొదలవ్వకముందు దీనికి మూడు మామూలు టెక్స్ట్ ఫైళ్లు ఇస్తాం. లింక్స్ డాట్ పీపీఎల్‌లో అథ్లెట్ల పేర్లు, లింక్స్ డాట్ ఈవీటీలో ఏ రేసులో ఏ లేన్‌లో ఎవరున్నారో, లింక్స్ డాట్ ఎస్‌సీహెచ్‌లో ఏ రేసు తర్వాత ఏ రేసు అన్న వరస. మీట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఉంటే ఇవన్నీ అదే తయారు చేసి ఇస్తుంది, లేకపోతే మనమే టైప్ చేసుకోవాలి. ఈవీటీ ఫైలు తెరిచి చూస్తే భయపడాల్సిందేమీ ఉండదు. అంకెతో మొదలైన లైన్ రేసు, కామాతో మొదలైన లైన్ మనిషి. రేసు లైన్‌లో ఈవెంట్ నంబర్, రౌండ్, హీట్ (ఒక రౌండ్‌లో అథ్లెట్లను గుంపులుగా విడగొట్టి పరిగెత్తించే ఒక్కో రేసు), పేరు. మనిషి లైన్‌లో కామా తర్వాత చెస్ట్ నంబర్, లేన్, ఇంటిపేరు, పేరు, టీం. అంతే.

రేసు అయ్యాక ఫోటో చదివి సేవ్ చేస్తే ఎల్ఐఎఫ్ అనే ఇంకో టెక్స్ట్ ఫైలు వస్తుంది. దాని పేరే 014-1-03 లాంటిది. 14వ ఈవెంట్, మొదటి రౌండ్, మూడో హీట్. పేరులో 'వంద మీటర్లు' అని ఉండదు, 'బాలికలు' అని ఉండదు, తారీఖు కూడా ఉండదు. మొదటిసారి ఆ ఫోల్డర్ తెరిచినప్పుడు ఏదో బ్యాంకు లాకర్ నంబర్ల జాబితా చూసినట్టు అనిపించింది.

అప్పుడు నేనేం చేశానంటే, ప్రతి ఫైలునీ నాకు అర్థమయ్యేలా పేరు మార్చడం మొదలుపెట్టాను. 'వంద మీటర్లు బాలికలు హీట్ 3' అని. నాకు చాలా తెలివైన పనిలా అనిపించింది. కానీ అవతల మీట్ సాఫ్ట్‌వేర్ వెతికేది ఆ నంబర్లనే. పేరు మార్చిన ఫైలు దాని లెక్కలో అసలు లేనట్టే. రిజల్ట్ లాగమంటే రాదు. 'కేబుల్ లూజా, నెట్‌వర్క్ పోయిందా' అని అరగంట టేబుల్ కింద దూరి వైర్లు పీకి పెట్టాం. తప్పంతా నాది.

దానికంటే పెద్ద గొడవ ఇంకోసారి జరిగింది. అదీ నా చేతులారా చేసుకున్నదే. ఎల్ఐఎఫ్ ఫైళ్లు ముట్టుకోకూడదని నేర్చుకున్నాను కదా, సరే అని వాటి నుంచి ప్రింట్ తీసే పేజీలను విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టుకుని పేర్లు నా ఇష్టం వచ్చినట్టు పెట్టాను. మధ్యాహ్నానికి ఆ ఫోల్డర్లో ఒకే రేసుకి నాలుగు ఫైళ్లు. 'రిజల్ట్స్', 'రిజల్ట్స్ ఫైనల్', 'రిజల్ట్స్ ఫైనల్ కొత్తది', 'రిజల్ట్స్ ఫైనల్ అన్న చూసింది'. చివరిది నేను పెట్టింది కాదు, నాకు సాయంగా ఉన్న కుర్రాడు పెట్టాడు. నేను ఫోన్‌లో ఉండగా వాడొచ్చి "అన్నా, ఏది ప్రింట్ తియ్యాలి?" అన్నాడు. "ఫైనల్ అని ఉంది కదా, అది తియ్" అన్నాను. వాడు తీశాడు, నోటీస్ బోర్డు మీద అంటించాడు. అందులో లేన్ దాటినందుకు డిస్‌క్వాలిఫై అయిన అమ్మాయి ఇంకా మూడో స్థానంలోనే ఉంది.

చిన్న తప్పే కదా అనుకోవచ్చు. కానీ వరల్డ్ అథ్లెటిక్స్ నిబంధనల ప్రకారం రిజల్ట్ మీద ప్రొటెస్ట్ వేయాలంటే అధికారికంగా ప్రకటించిన 30 నిమిషాల లోపే వేయాలి. అంటే బోర్డు మీద ఎప్పుడు ఏ కాగితం పడింది అన్నదాని మీదే మొత్తం ఆధారపడి ఉంటుంది. నాలుగో స్థానంలో కనబడుతున్న అమ్మాయి కోచ్ వచ్చి "సార్, అంపైర్ జెండా ఎత్తడం మేం చూశాం, ఇక్కడ ఇంకోలా ఉంది, మా టైం ఎప్పటి నుంచి లెక్క?" అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఏ ఫైలు ఎన్నింటికి ప్రింటయిందో ఆ పేర్లలో ఎక్కడా లేదు, ఫైలు ప్రాపర్టీస్‌లో ఉన్న టైం ఏమో ఎవరో మళ్లీ తెరిచి సేవ్ చేయడంతో మారిపోయింది. చివరికి రిఫరీ కొత్త కాగితం అంటించిన టైం నుంచి లెక్క పెట్టమన్నాడు కాబట్టి బతికిపోయాం.

ఆ రోజు నుంచి 'ఫైనల్' అనే మాట నేను ఫైలు పేరులో వాడను. అసలే మా పనిలో ఫైనల్ అంటే రేసు. 'ఫైనల్ ఫైనల్' అని పేరు పెట్టాల్సి వచ్చినప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది. ఇప్పుడు ప్రింట్ కాపీకి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన నంబరే పెట్టి, వెనక అంటించే టైం కలుపుతాను. 014-1-03-1425 అంటే రెండు గంటల ఇరవై ఐదుకి బోర్డెక్కింది. సవరణ వస్తే పాతదాని మీద సేవ్ చెయ్యను, 1448 అని ఇంకోటి వస్తుంది. రెండూ ఉంటాయి, ఏది తర్వాతదో చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. గంటలకీ నిమిషాలకీ మధ్య రెండు చుక్కలు పెట్టాలని చూడకండి, విండోస్‌లో ఫైలు పేరుకి అది పనికిరాదు. ముందుకి వాలిన గీత కూడా అంతే, అందుకే తారీఖు రాసేటప్పుడు అడ్డగీతే దిక్కు.

ఈ దెబ్బ తిన్నాకే ఫినిష్‌లింక్స్ వాళ్లు పేర్లను నంబర్లతో ఎందుకు బిగించారో నాకు అర్థమైంది. ఈవెంట్ పేరు మారుతుంది, 'అండర్ 18' అన్నది 'యూత్' అవుతుంది, ఒకడు 'మీ' అని రాస్తే ఇంకొకడు 'మీటర్లు' అని రాస్తాడు. నంబర్ మారదు. పైగా ముందు సున్నాలు ఉండటం వల్ల ఏ ప్రోగ్రాంలో చూసినా 002 తర్వాతే 010 వస్తుంది. సున్నాలు లేకపోతే పాతకాలపు పద్ధతిలో వరస పెట్టే ప్రోగ్రాంలు 10ని తీసుకెళ్లి 2 కంటే ముందు పెడతాయి.

అలాగని అంతా బాగుందని కాదు. రౌండ్ నంబర్ కొత్తవాళ్లని తికమక పెడుతుంది. హీట్స్, సెమీస్, ఫైనల్ ఉన్న ఈవెంట్‌లో ఫైనల్ 3 అవుతుంది, నేరుగా ఫైనల్ ఉన్న ఈవెంట్‌లో అదే ఫైనల్ 1 అవుతుంది. 5000 మీటర్ల ఫైలు మధ్యలో 1 చూసి 'ఇది హీట్ కదా, మెడల్స్ ఎలా ఇస్తారు' అని అడిగినవాళ్లున్నారు. దీనికి నేను చేసిందల్లా ఈవెంట్ నంబర్లు, పేర్లు, ఎన్ని రౌండ్లు అన్నది ఒక కాగితం మీద ప్రింట్ తీసి టేబుల్‌కి టేప్ వేసి అంటించడం. సాఫ్ట్‌వేర్ చేయలేనిది టేప్ చేసింది.

ఇంకోటి, ఆ మూడు ఇన్‌పుట్ ఫైళ్ల పేర్లు ఎప్పుడూ అవే కావడం. ఈ మీట్‌కీ లింక్స్ డాట్ ఈవీటీయే, పోయిన మీట్‌కీ అదే. రెండు మీట్లు ఒకే ఫోల్డర్లో పెడితే ఒకదాని మీద ఒకటి పడుతుంది, అదృష్టం బాగోకపోతే నిన్నటి స్టార్ట్ లిస్ట్‌తో ఇవాళ్టి రేసు నడుస్తుంది. అందుకే ఫైళ్ల పేర్లు మెషీన్‌కి వదిలేసి నా సరదా అంతా ఫోల్డర్ పేరు మీద తీర్చుకుంటాను. సంవత్సరం, నెల, రోజు ఆ వరసలో ముందు, మీట్ పేరు తర్వాత. రోజు ముందు పెడితే జనవరి 5, మార్చి 5 పక్కపక్కన కూర్చుంటాయి. లోపల ఎంట్రీలు, ఇన్‌పుట్, రిజల్ట్స్, ప్రింట్ అని నాలుగే ఫోల్డర్లు, అంతకంటే లోతుకి వెళ్లను. ఏ ఫోల్డర్ నుంచి చదవాలి, ఎక్కడ రాయాలి అన్నది సాఫ్ట్‌వేర్ ఆప్షన్లలో ఇవ్వాలి. ప్రతి మీట్ ఉదయం నేను చేసే మొదటి పని అది చూసుకోవడమే, టీ కూడా తర్వాతే.

నోట్‌ప్యాడ్ గురించి ఒక మాట. ఈవీటీ ఫైలు చేత్తో రాసి సేవ్ చేస్తే అది నిశ్శబ్దంగా వెనక డాట్ టీఎక్స్‌టీ తగిలించొచ్చు. విండోస్ మామూలుగా ఎక్స్‌టెన్షన్లు దాచేస్తుంది కాబట్టి కంటికి పేరు సరిగ్గానే కనిపిస్తుంది, సాఫ్ట్‌వేర్‌కి మాత్రం దొరకదు. ఎక్స్‌టెన్షన్లు కనబడేలా సెట్టింగ్ మార్చుకోవడానికి పది సెకన్లు పడుతుంది. నాకు ఆ విషయం తెలియడానికి మాత్రం రెండు మీట్లు పట్టింది.

అన్నిటికంటే ప్రమాదం ఎక్సెల్. ఈ ఫైళ్లన్నీ కామాలతో ఉంటాయి కదా, ఎక్సెల్‌లో తెరిస్తే గళ్లు గళ్లుగా ముచ్చటగా వస్తాయి. తెరిచి చూసి మూసేస్తే ఏం కాదు. సేవ్ నొక్కారా, అయిపోయినట్టే. చెస్ట్ నంబర్ 007 కాస్తా 7 అవుతుంది. 10.30 కాస్తా 10.3 అవుతుంది, అదైనా తలకాయ ఉన్నవాడు చదువుకోగలడు. నిమిషం దాటిన టైం సంగతి చూడండి. 1:02.43 అని ఉంటే ఎక్సెల్ దాన్ని గడియారం టైం అనుకుని 01:02.4 అని చూపిస్తుంది, సీఎస్‌వీగా, అంటే మళ్లీ కామాల టెక్స్ట్ ఫైలుగా, సేవ్ చేస్తే చూపించిందే రాసేస్తుంది. 400 మీటర్ల హర్డిల్స్‌లో ఒకరిది 1:02.38, ఇంకొకరిది 1:02.43 అనుకోండి. ఇద్దరూ 01:02.4 అవుతారు. వేర్వేరు హీట్లలో పరిగెత్తి ఫైనల్‌కి చివరి లేన్ కోసం పోటీ పడుతున్నది వాళ్లిద్దరే అయితే ఇంక ఏం చెప్పాలి. ఫోటోలో సెకనులో వెయ్యో వంతు దాకా చదివి, 10.321 వస్తే 10.33 అని జాగ్రత్తగా పై వందో వంతుకి తీసుకెళ్లే పద్ధతి మనది. అంత పని చేశాక ఒక్క క్లిక్‌తో పదో వంతుకి దిగజారిపోతుంది. వంద, రెండొందలు మామూలుగానే కనబడతాయి కాబట్టి, హర్డిల్స్ దాకా ఎవరికీ అనుమానం కూడా రాదు.

ఎల్ఐఎఫ్ మొదటి లైన్‌లోనే గాలి రీడింగ్ కూడా ఉంటుంది, 100, 200 మీటర్లలో వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటితే ఆ టైం రికార్డుకి పనికిరాదు. కాబట్టి ఎవరైనా రిజల్ట్ కావాలంటే టైపు చేసిన పేజీ ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి, అసలు ఫైలు ముట్టుకోకుండా కాపీ చేసి ఇవ్వండి. రికార్డు కాగితాలు నింపేటప్పుడు మళ్లీ మీ దగ్గరికే వస్తారు.

బ్యాకప్ పెద్ద విషయం కాదు. ప్రతి సెషన్ అయ్యాక మొత్తం ఫోల్డర్ జిప్ చేసి, పేరు వెనక టైం పెట్టి పెన్‌డ్రైవ్‌లో వేస్తాను. రేసులు నడుస్తుండగా అదే ఫోల్డర్‌ని క్లౌడ్‌కి సింక్ పెట్టొద్దు, రెండు కంప్యూటర్లు ఒకేసారి రాస్తే అది తనకి తోచిన పేరుతో ఇంకో కాపీ పుట్టిస్తుంది. కాపీలతో పడిన తిప్పలు పైన చెప్పాను కదా.

రేటింగ్ అడిగితే ఫైళ్ల వరకు 5కి 4 ఇస్తాను. ఆ ఒక్కటి తగ్గించింది ఎందుకంటే, ఏదో కారణంతో హీట్ మళ్లీ పరిగెత్తిస్తే దానికి వచ్చే పేరూ అదే, 014-1-03. అందుకని రీరన్ అని మైకులో వినబడగానే, స్టార్టర్ వాళ్లని మళ్లీ గీత దగ్గరికి పిలిచేలోపు, మొదటి పరుగు ఫైళ్లు కాపీ చేసి 'రద్దు' అనే ఫోల్డర్లో వేసేయాలి. మా కుర్రాడు ఇప్పుడు నేను చెప్పకుండానే ఆ పని చేసేస్తున్నాడు. కాకపోతే మొన్న చూస్తే దాని పక్కనే 'రద్దు కొత్తది' అని ఇంకో ఫోల్డర్ ఉంది.