ఈమెయిల్ ప్లాన్ కొంటున్న చిన్న వ్యాపారులకు హెచ్చరిక: పాప్ అమరికతో మా రెండేళ్ల మెయిళ్లు పోయాయి

సొంత డొమైన్ పేరుతో ఈమెయిల్ తీసుకోబోతున్నవారు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. మా హార్డ్‌వేర్ దుకాణం కోసం ఐదు మెయిల్‌బాక్సుల ప్లాన్‌ను ఒక స్థానిక విక్రేత దగ్గర కొన్నాము. ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ అవే మెయిళ్లు కనిపిస్తాయని ఆయన హామీ ఇచ్చారు. ఒక్కో మెయిల్‌బాక్సుకు చోటు 1 జీబీ మాత్రమేనన్న విషయాన్ని మేము పట్టించుకోలేదు. తరువాత జరిగిన నష్టానికి మూలం అదే.

ఆ కాస్త చోటు త్వరగా నిండకూడదని, వారి మనిషి మా కంప్యూటర్‌లోని మెయిల్ ప్రోగ్రామ్ అవుట్‌లుక్‌ను, మెయిళ్లు తెచ్చుకునే రెండు పద్ధతుల్లో ఐమ్యాప్‌లో కాకుండా పాప్3 (పాప్)లో అమర్చి, సర్వర్‌లో ఉండే నకలు 14 రోజుల తరువాత తొలగిపోయేలా పెట్టి వెళ్లారు. ఐమ్యాప్‌లో మెయిళ్లు సర్వర్‌లోనే ఉండి అన్ని పరికరాల్లోనూ ఒకేలా కనిపిస్తాయి. పాప్‌లో అవి ఒక్క కంప్యూటర్‌లోకి దిగిపోతాయి. ఈ తేడా మాకు ఎవరూ చెప్పలేదు. పాత కొటేషన్లు, కంప్యూటర్ నుంచి పంపిన జవాబులు నా ఫోన్‌లో కనిపించకపోతే నెట్‌వర్క్ సమస్య అనుకున్నాను.

కంప్యూటర్ నెమ్మదించిందని ఫార్మాట్ చేయించినప్పుడు డెస్క్‌టాప్, ట్యాలీ డేటా కాపీ చేయించాము గానీ, డాక్యుమెంట్స్‌లో ‘అవుట్‌లుక్ ఫైల్స్’ అనే ఫోల్డర్ ఉందని, మెయిళ్లన్నీ అందులోని పీఎస్‌టీ ఫైలులో ఉన్నాయని మాకు తెలియదు. మిగిలినవి సర్వర్‌లోని రెండు వారాల మెయిళ్లే. పాప్ మీరే కోరుకున్నారని విక్రేత అంటున్నారు. మేము ఆ పేరే వినలేదు, కానీ కాగితం మీద ఏమీ రాయించుకోలేదు.

కనుక ఐమ్యాప్ ఇస్తారా, చోటు ఎంత అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. అవుట్‌లుక్ అకౌంట్ సెట్టింగ్స్‌లో ఖాతా రకం కనిపిస్తుంది. సాధారణంగా మెయిళ్లు తెచ్చే సర్వర్ పోర్టు సంఖ్య 993 అయితే ఐమ్యాప్, 995 అయితే పాప్. ఇప్పటికే పాప్ ఉన్నవారు ముందుగా అవుట్‌లుక్ మూసి, పీఎస్‌టీ ఫైలును వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. ఐమ్యాప్‌లోనూ ఫోన్‌లో చెరిపిన మెయిల్ అన్నిచోట్లా పోతుంది కాబట్టి ముఖ్యమైన ఇన్‌వాయిస్‌లను విడిగా దాచుకోవడం తప్పనిసరి.

మేము ఇప్పుడు సరఫరాదారులను ఒక్కొక్కరినీ బతిమాలి పాత ఇన్‌వాయిస్‌లు మళ్లీ తెప్పించుకుంటున్నాము. ఇంతవరకు ఇద్దరే పంపారు.