ఫ్రెంచ్ అల్ట్రామెరైన్ వాటర్ కలర్: సమంగా పరుచుకోదు, అందుకే వదల్లేకపోతున్నాను

ఈ నీలాన్ని ఏళ్ల తరబడి వాడుతున్నాను. నా పాలెట్‌లో అయిపోకముందే మళ్లీ తెచ్చిపెట్టుకునే రంగు ఇదొక్కటే. నీళ్లు ధారాళంగా కలిపి వాష్ (పలుచని రంగు పూత) వేసి వదిలేస్తే, రేణువులు గుంపులు గుంపులుగా కాగితం గుంతల్లోకి దిగిపోతాయి. ఆరాక దగ్గరగా చూస్తే నీలం చుక్కలు, వాటి మధ్య పాలిపోయిన మిట్టలు. రాతి గరుకు, మబ్బు బరువు గీయకుండానే వచ్చేస్తాయి. ఒకప్పుడు లాపిస్ లాజులి రాయి నూరి తీసినన్నాళ్లూ దీన్ని ఇంత ధారాళంగా వాడే వీలే లేదు. 1828లో ఫ్రాన్స్‌లో గిమే అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టిన కృత్రిమ పద్ధతికి బహుమతి దక్కాకే ఇది మనలాంటివాళ్లకు అందింది.

నన్ను దీనికి కట్టిపడేసింది మాత్రం ఒక పాడైన ఆకాశం. వాష్ మీద తడి మెరుపు పోయింది కానీ ఇంకా ఆరలేదు. కిటికీలోంచి జల్లు కొట్టి రెండు చినుకులు సరిగ్గా నడిమధ్యలో పడ్డాయి. చూస్తుండగానే ఆ నీరు చుట్టూ ఉన్న రంగును బయటికి నెట్టుకుంటూ పోయింది. లోపలంతా వెలిసిపోయింది. అంచున ముదురు నీలం గీత, అదీ పళ్లు పళ్లుగా. టిష్యూతో అద్దేద్దామనుకుని ఆగిపోయాను. ఆరాక కింద ఇదే నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రగోధుమ రంగు కలిపి కొండలు వేశాను. ఈ రెండూ కలిస్తే వచ్చే బూడిద రంగు కూడా ఆరుతూ ఆరుతూ విడిపోతుంది, ఒకచోట నీలం, ఒకచోట గోధుమ. ఆ బొమ్మ చూసినవాళ్లు "వాన దగ్గర్లోనే ఉంది" అంటారు. అంతకుముందు ఎంతో శ్రద్ధగా తీర్చిదిద్దిన నా మబ్బుల్లో ఒక్కదానికీ ఆ తడి రాలేదు.

అలాగని కావాలని నీళ్లు చిలకరిస్తే ప్రతిసారీ అంత అందం రాదు. కాగితం బాగా తడిగా ఉంటే చుక్క కలిసిపోతుంది, పూర్తిగా ఆరితే పైపైన నిలిచిపోతుంది. గీయకుండానే వస్తుందన్న మాట కూడా గరుకు కోల్డ్ ప్రెస్ కాగితానికే. నున్నటి హాట్ ప్రెస్ మీద ఆ చుక్కలు చాలావరకు కనబడవు. ట్యూబ్ మీద పీబీ29 అని (ఈ రంగు పదార్థం కోడ్) ఉన్నంత మాత్రాన సరిపోదు, మరీ మెత్తగా నూరినదైతే సాఫీగానే పరుచుకుంటుంది. ముందు చిన్న ముక్క మీద వేసి చూడండి. పసిపిల్లల బుగ్గల నీడలకు నేనైతే దీన్ని ముట్టుకోను.

నేను వేసేవి కొండలు, నీళ్లు, ఆకాశాలు. గడువు లేదు, ఒకేలాంటివి రెండు వేయాల్సిన పని లేదు. కాబట్టి నాకు ఇంతకంటే మంచి నీలం లేదు. పేజీ పేజీకీ ఒకే నీలం కావాల్సిన బొమ్మల పుస్తకం పనైతే థాలో బ్లూ అనే మరో నీలం నయం. కాకపోతే అది కాగితానికి పట్టేస్తుంది, తడిపి లేపడం కష్టం.