నెల్లూరు పొగతోటలో గ్యాస్ మాత్రలు కొనేవాళ్ళు స్ట్రిప్పు వెనక చదివి తీసుకోండి

షాపు పేరు రాయను. పొగతోటలో డాక్టరుకి చూపించుకుని చీటీతో తిరిగేవాళ్ళకి తెలిసే ఉంటుంది. చీటీలో ఉన్నది యాసిడ్ తగ్గించే ఉత్త పాంటాప్రజోల్ 40, పొద్దున టిఫినుకి అరగంట ముందు. డెబ్బై దాటిన మనిషికి వాళ్ళు ఇచ్చింది అలాంటిదే అయిన రాబిప్రజోల్ 20తో, కడుపు కదలిక పెంచే లెవోసల్పిరైడ్ 75 ఎస్ఆర్ కలిసిన క్యాప్సూలు. మందు మార్చామని ఒక్క మాట లేదు.

"చీటీలో ఇది లేదే" అంటే కౌంటర్లో అబ్బాయి ఫోన్లోంచి తల కూడా ఎత్తలా. "రెండూ గ్యాస్‌వే సార్, ఇది ఇంకా పవరు. నెల్లూరంతా ఇదే మింగతా ఉంది, మీకొచ్చిందా కష్టం?" లెవోసల్పిరైడ్ ఎందుకయ్యా అంటే, "మీరేమన్నా డాక్టరా?" కాదు నాయనా. నువ్వూ కాదు గదా! వాపసు తీసుకోమంటే "కట్ చేసిన స్ట్రిప్పు తీసుకోం." కట్ చేసింది ఎవురు? ఆయనే. ఎక్స్‌పైరీ, బ్యాచ్ నంబరు ఉన్న కొన షాపులోనే ఉంచుకుని మరీ.

పైగా ఉచిత సలహాలు. కవరు మీద "భోజనం తర్వాత" అని రాశాడు. పాంటాప్రజోల్, రాబిప్రజోల్ అడ్డుకునేది కడుపులో యాసిడ్ తయారుచేసే పంపుల్ని. తిండి పడగానే అవి పని మొదలెడతాయి, ఆ వేళకి మందు రక్తంలోకి చేరి ఉండాలి. అన్నం తిన్నాక మింగితే మంట సరిగా తగ్గదు, మందు పనిచేయట్లేదని ఇంకోటి అంటగడతారు. "మింగలేకపోతే నలిపి నీళ్ళలో కలపండి" అట! పైపూత పోతే రాబిప్రజోల్ కడుపులో యాసిడ్‌కే చెడిపోద్ది. ఎస్ఆర్ అంటే మెల్లగా వదలాల్సిన మందు, నలిపితే ఒక్కసారే దిగుద్ది.

అసలు భయం లెవోసల్పిరైడ్‌తోనే. అది మెదడులో కదలికల్ని నడిపించే డోపమిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది. పెద్దవాళ్ళలో చేతులు వణకడం, అడుగు చిన్నదవడం, మొహం బిగుసుకుపోవడం రావచ్చు. దాన్ని పార్కిన్సన్ అనే వణుకుడు జబ్బు అనుకుని ఇంకో మందు మొదలవుద్ది, గ్యాస్ మాత్ర మీద ఎవురికీ అనుమానం రాదు. ఆడవాళ్ళకైతే నెలసరి తప్పడం, బాలింత కాకపోయినా పాలు రావడం. అవసరమైన చోట డాక్టరే రాస్తాడు, అది వేరే సంగతి. కౌంటర్లో నిర్ణయించేది కాదు. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో 65(11ఎ) చెప్పేది అదే: షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందు, చీటీలో ఉంటే దాని బదులు ఇంకోటి ఇవ్వకూడదు. అది చదివే తీరిక ఆ ఫోను వదిలితే గదా.

బిల్లు అడగండి, కొన ఉన్న స్ట్రిప్పే తీసుకోండి. చీటీతో కలిపి ఫొటో తీసి పెట్టుకుంటే డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి చూపించొచ్చు. ఉత్త పాంటాప్రజోల్ జనఔషధిలో చవగ్గానే దొరుకుతుంది. ఇప్పటికే లెవోసల్పిరైడ్ వాడతా ఉండి వణుకు కనిపిస్తే ఆ స్ట్రిప్పు తీసుకుని వెంటనే డాక్టరు దగ్గరికి పోండి. ఆపితే చాలామందికి తగ్గుద్ది, కొందరికి మిగిలిపోద్ది.